ఆజమాబాద్ చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

హైదరాబాద్ ఆజమాబాద్ ఇండస్ట్రియల్ ఏరియా మీద ప్రాజెక్టు అంటూ కాలేజీ పిల్లలు మా రామ్‌నగర్ వైపు వస్తుంటారు. పాత గోడలకు నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. అలా కాకుండా ఇలా చేసి చూడండి.

ముందు ఇంట్లోనే మ్యాపు పట్టండి. 1912–15 మధ్య లెనార్డ్ మన్ తయారుచేయించిన సిటీ మ్యాపులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వాటిలో ఆజమాబాద్ కోసం వెతక్కండి. ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జా పేరు మీద ఈ పేట తర్వాత వెలిసింది. 1929లో నిజాం సర్కారు పరిశ్రమలకు డబ్బు సాయం చేయడానికి ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో లిమిటెడ్ కంపెనీ అయింది. చార్మినార్ సిగరెట్ వీళ్ళదే. కండక్టర్ 'వీఎస్టీ, వీఎస్టీ' అని అరిచే స్టాపులో దిగండి, అది ఆ కంపెనీ పేరే.

దిగాక ఒకసారి పైకి చూడండి. 2023లో తెరిచిన ఆ స్టీల్ బ్రిడ్జికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన తెలంగాణ హోంమంత్రిగా చాలామందికి తెలుసు. మా పెద్దవాళ్ళకు మాత్రం వీఎస్టీ యూనియన్ నాయకుడు.

అసలు పని ఇక్కడే. గేటు దగ్గర చాయ్ హోటల్లో కూర్చోండి. రిటైరైనవాళ్ళు కనబడితే 'చరిత్ర చెప్పండి' అనొద్దు, బిగుసుకుపోతారు. మొదటి జీతం ఎంత, ఏ షిఫ్టు, ఉద్యోగం ఎవరు పెట్టించారు అని అడగండి. మాట కలిశాక ఇంట్లో పాత కాగితాలేమైనా ఉన్నాయా అనండి. మా పెదనాన్న ట్రంకుపెట్టెలో ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ చీటీలు, యూనియన్ చందా రసీదులు ఒకే రబ్బరు బ్యాండుతో కట్టి ఉండేవి. చేరిన తేదీ, డిపార్ట్‌మెంటు, కంపెనీ అప్పటి పేరు, అన్నీ వాటిలోనే ఉన్నాయి.

స్థలాల సంగతి కూడా కాస్త చూడాలి. ఇక్కడి ప్లాట్లు సర్కారు పరిశ్రమలకు లీజుకిచ్చినవి. ఆ లీజుల రద్దు, క్రమబద్ధీకరణ మీద 1992లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. అందుకే 'ఈ స్థలం ఎవరిది?' అని అడగ్గానే సెక్యూరిటీవాళ్ళకు టెన్షన్. గేటు ఫొటో తీసేముందు వాళ్ళకు చెప్పండి.

ఆదివారం ఫ్యాక్టరీల దగ్గర పనుండదు, ఇళ్ళకు వెళ్ళండి. బండి మాత్రం రామ్‌నగర్ చేపల మార్కెట్ పక్కన పెట్టకండి, తీయలేరు. ఎవరైనా కాగితాలిస్తే వాళ్ళ ముందే ఫోన్లో స్కాన్ చేసుకుని అక్కడికక్కడే తిరిగిచ్చేయండి.