బ్యాండ్‌లో చేరే పిల్లలకు వాయిద్యం కొనే ముందు

అమెరికాలో చాలా మిడిల్ స్కూళ్లలో ఆరో తరగతి నుంచే ప్రారంభ స్థాయి బ్యాండ్ తరగతి ఉంటుంది కనుక, మీ అబ్బాయో అమ్మాయో అందులో చేరుతున్నప్పుడు తొందరపడి ఆన్‌లైన్‌లో చవకగా దొరికే క్లారినెట్‌నో ట్రంపెట్‌నో కొనకండి. అటువంటి వాటికి విడిభాగాలు సరిగా దొరకవు కాబట్టి, మీట ఒకటి వంగినా బాగుచేయడానికి దుకాణాలవారు తరచుగా ఒప్పుకోరు. ముందుగా బ్యాండ్ మాస్టారి సమక్షంలో రెండు మూడు వాయిద్యాల మౌత్‌పీస్‌లు ఊది చూడనిచ్చి, పెదవుల అమరికకు ఏది సులువుగా పలుకుతుందో తెలుసుకున్నాక, నెలవారీ అద్దెకు తీసుకోవడం మేలు. అద్దె సొమ్ము కొనుగోలు ధరలో జమ అవుతుందా, మరమ్మతు ఖర్చు అందులోనే కలిసి ఉందా అనే రెండు విషయాలు ఒప్పందంలో చూసుకోండి. ట్యూబా వంటి పెద్ద వాయిద్యాలను సాధారణంగా బడివారే ఇస్తారు.

క్లారినెట్, శాక్సొఫోన్ ఎంచుకున్నవారికి మొదట 2 లేదా 2.5 గట్టిదనం గల రీడ్ (మౌత్‌పీస్‌కు బిగించే పలుచని రెల్లు బద్ద) సరిపోతుంది. అది పెళుసు కనుక మూడు నాలుగు అదనంగా ఉంచుకోవాలి.

ఇంట్లో కీబోర్డు ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. స్వరాల కాగితంలో 'సి' అని రాసి ఉన్న స్వరాన్ని క్లారినెట్‌పై, ట్రంపెట్‌పై వాయిస్తే అది కీబోర్డులోని 'బి ఫ్లాట్'గా, ఆల్టో శాక్సొఫోన్‌పై వాయిస్తే 'ఇ ఫ్లాట్'గా వినిపిస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకు దీన్ని శ్రుతి మార్పుగా చెబితే ఇట్టే అర్థమవుతుంది. చెప్పకపోతే తామే తప్పు వాయిస్తున్నామని బెంగపడతారు.