ఉచిత గేమ్ దించుకునే ముందు ధరల పట్టీ చూడండి

ఉచితమే కదా అని గేమ్ దించుకుంటాం. ఇరవై లెవెళ్లు దాటాక, ఆటలో వాడే వజ్రాలు డబ్బు పెట్టి కొంటే తప్ప ముందుకు కదలదు. అందుకే ఇప్పుడు ఇన్‌స్టాల్ నొక్కేముందు ఒక నిమిషం ఆగుతున్నాను. ప్లే స్టోర్‌లో 'ఈ గేమ్ గురించి' తెరిచి చివరిదాకా వెళ్తే, లోపలి కొనుగోళ్ల కనిష్ఠ, గరిష్ఠ ధరలు ఉంటాయి. ఐఫోన్ యాప్ స్టోర్‌లోనైతే వస్తువుల పేర్లు కూడా కనిపిస్తాయి. ప్రకటనల తొలగింపు లాంటి ఒక్క కొనుగోలే ఉంటే నిశ్చింతగా దించుకోవచ్చు. గుప్పెడు వజ్రాలు, సంచెడు వజ్రాలు, పెట్టెడు వజ్రాలు అంటూ ధర మెట్లెక్కుతుంటే వదిలేయడమే మేలు. పిల్లలకు ఫోను ఇచ్చేవారైతే, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్స్‌లో తప్పక పెట్టండి.

ఒక్క జాగ్రత్త: ఎన్నిసార్లు కొనాల్సి వస్తుందో ఆ పట్టీ చెప్పదు. ధర తక్కువగా కనిపించినా, ఒక్క నక్షత్రం ఇచ్చినవారి సమీక్షలు నాలుగైదు చదవండి.