ఎక్సెల్ మాక్రోలో ఫైల్ పేర్ల వరుస ఎందుకు తప్పుతుంది?

ఫోల్డర్‌లోని ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి లెక్కలన్నీ ఒకే షీట్‌లోకి చేర్చే మాక్రో (ఎక్సెల్ పనులను వాటంతటవే చేయించే చిన్న ప్రోగ్రామ్) తేడా చేస్తుంటే, ముందు లెక్కల జోలికి పోకండి. పేర్లను అర్రేలోకి (విలువలను వరుస గళ్లలో దాచే జాబితా) ఎక్కించే పది పన్నెండు లైన్లు చూడండి. తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

సమస్య: 1 తర్వాత 2 రాకుండా 10, 11 వస్తున్నాయి.

పేరు అక్షరాల వరుస కాబట్టి పోలిక కూడా అక్షరం తర్వాత అక్షరమే సాగుతుంది. ‘బిల్లు 10’, ‘బిల్లు 2’ పక్కపక్కన పెడితే 1ని, 2ని పోల్చగానే తీర్పు అయిపోతుంది. వెనకున్న సున్నాను ఎవరూ చూడరు. పేర్ల అర్రేకి జోడీగా ఇంకో అర్రే పెట్టండి. పేరులోని అంకెను వాల్ ఫంక్షన్‌తో (అక్షరాల్లో ఉన్న అంకెను సంఖ్యగా మార్చేది) తీసి, ఫార్మాట్‌తో నాలుగంకెలు చేసి (0002, 0010) అందులో దాచండి. సార్ట్ చేసేది (వరుసలో పేర్చేది) దీన్ని. రెండు స్థానాలు తారుమారు చేసిన ప్రతిసారీ పేర్ల అర్రేలోనూ అదే మార్పు జరగాలి. ఒకదాన్ని మరిచిపోతే ఎర్రర్ రాదు, వరుస మాత్రం చెడుతుంది. ఇక్కడ వాల్‌తో ఒక చిక్కుంది: అది మధ్యలోని ఖాళీలను పట్టించుకోదు. ‘12 2024’ ఇస్తే 122024 చేతికొస్తుంది. అందుకే ముందు స్ప్లిట్‌తో ముక్కలు చేసి, కావాల్సిన ముక్కనే వాల్‌కి ఇవ్వండి.

తేదీలకూ ఇదే మందు. 05-12-2024 అని ఉన్న పేరుకు 20241205 అని రాసుకుంటే నెల, ఏడాది వాటంతటవే సర్దుకుంటాయి.

సమస్య: సార్ట్ అయ్యాక మొదటి ఫైల్ దగ్గరే ఎర్రర్ 1004.

అర్రేను 500 గళ్లతో తెరిచారు, ఫైళ్లు 37. మిగిలిన 463 గళ్లలో ఖాళీ స్ట్రింగులున్నాయి, సార్ట్‌లో అవన్నీ పైకి తేలాయి. ఫైల్ పేరు లేకుండా ఫోల్డర్ దారి ఒక్కటే ఫైల్ తెరిచే ఓపెన్‌కి వెళ్లింది. అర్రేను ప్రకటించే డిమ్‌లో బ్రాకెట్లను ఖాళీగా వదలండి, సైజు మార్చే రీడిమ్‌తో వంద గళ్లు తీసుకోండి, నిండినప్పుడల్లా ఉన్న పేర్లు పోకుండా రీడిమ్ ప్రిజర్వ్‌తో ఇంకో వంద పెంచండి. చివర్లో అసలు లెక్కకు కత్తిరించి, అప్పుడు సార్ట్‌కి పంపండి. ఒక్క ఫైలూ దొరక్కపోతే కత్తిరించే లైన్‌లోనే ఎర్రర్ 9 (అర్రే హద్దులు కుదరలేదని అర్థం) వస్తుంది. ఫైళ్ల కౌంట్ సున్నా అయితే అంతకుముందే బయటికి వచ్చేయాలి. రెండు కొలతల (అడ్డు, నిలువు వరుసలున్న) అర్రే వాడేవాళ్లకు మరో మాట: ప్రిజర్వ్ చివరి కొలతనే పెంచుతుంది, కాబట్టి ఫైళ్ల లెక్క చివరి కొలతలో ఉండాలి.

సమస్య: కంప్యూటర్‌లో సరైన వరుస, పెన్‌డ్రైవ్‌లో గందరగోళం.

ఫోల్డర్‌లోని పేర్లను ఒక్కొక్కటే ఇచ్చే డిర్ ఫంక్షన్ సార్ట్ చేయదు, డ్రైవ్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే అందిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ కంప్యూటర్లలో ఫైళ్లను దాచే మామూలు పద్ధతి) డ్రైవ్ మామూలుగా అక్షరక్రమంలో ఇస్తుంది. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలోని పెన్‌డ్రైవ్‌కి ఆ అలవాటు లేదు. ఎక్కడ నడిపినా సార్ట్ మీరే చేయండి.

సమస్య: మధ్యలో కొన్ని ఫైళ్లు ఎగిరిపోతున్నాయి.

పేర్లు తెచ్చే లూప్ (మళ్లీ మళ్లీ నడిచే లైన్లు) లోపల ఇంకో ఫైల్ ఉందో లేదో చూడ్డానికి మళ్లీ డిర్ పిలిచి ఉంటారు. డిర్‌కి ఒక్క వెతుకులాటే గుర్తుంటుంది, కొత్తది మొదలైతే పాతది పోతుంది. పేర్లన్నీ అర్రేలోకి వచ్చేదాకా ఏ ఫైలూ తెరవకండి, ఏ ఇతర తనిఖీ పెట్టకండి.

సమస్య: తెలుగు పేర్లున్న ఫైళ్లు ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి.

డిర్ పేర్లను విండోస్ పాత కోడ్‌పేజీలోకి (అక్షరాల పట్టిక) మారుస్తుంది, అందులో తెలుగుకు చోటు లేదు. ‘జనవరి’ కాస్తా ఐదారు ప్రశ్నార్థకాలవుతుంది. దీనికి డిర్‌ని వదిలి ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్‌తో (ఫోల్డర్లు, ఫైళ్ల వివరాలు ఇచ్చే విండోస్ సాధనం) పేర్లు తెచ్చుకోవాలి. సరిగా వచ్చాయో లేదో మెసేజ్ బాక్స్‌లో చూడకండి, పేరు బాగున్నా అది ప్రశ్నార్థకాలే చూపిస్తుంది; షీట్‌లోని సెల్‌లో రాయించి చూడండి. ఈ పద్ధతిలో దాచిన ఫైళ్లూ వస్తాయి. ఎవరైనా వర్క్‌బుక్ తెరిచి ఉంచితే పుట్టే, టిల్డా (~), డాలర్ ($) గుర్తులతో మొదలయ్యే ఫైల్ వాటిలో ఒకటి. ఆ రెండు గుర్తులు కనిపిస్తే అర్రేలో వేయకుండా దాటేయండి.