రొమ్ము లిఫ్ట్ ఆపరేషన్ తర్వాత: ఏది మామూలు, దేనికి వెంటనే ఫోన్ చేయాలి

మా అక్క వాళ్లది కావలి. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి, తర్వాత బరువు బాగా తగ్గడంతో రొమ్ములు జారిపోయాయి. కింద చర్మం ఒరుసుకుని ఎప్పుడూ మంటే. చెన్నైలో లిఫ్ట్ చేయించుకుంది. వదులైన చర్మం తీసేసి, రొమ్మును పైకి తెచ్చి కుడతారు. సైజు పెంచే ఆపరేషన్ కాదిది. నెలన్నర నేనే దగ్గరుండి చూసుకున్నాను. అప్పుడు మాకు టెన్షన్ పెట్టినవి, డాక్టరును అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

కట్టు విప్పితే మరీ పైకి, బిర్రుగా, పలకగా ఉన్నాయి

అద్దంలో చూసుకుని అక్క ఏడ్చేసింది. వాపు, బిగించి కుట్టిన చర్మం వల్లే అలా ఉంటుంది. 3 నుంచి 6 నెలల్లో మెల్లగా కిందికి దిగి గుండ్రబడతాయి. అప్పటిదాకా ఆకారం గురించి ఏ నిర్ణయానికీ రావద్దు. సర్జికల్ బ్రా మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్లు, మామూలుగా 4 నుంచి 6 వారాలు, రాత్రీ పగలూ వేసుకోవాలి.

ఒక్కవైపే ఉన్నట్టుండి ఉబ్బి, గట్టిపడి, నొప్పి పెరుగుతోంది

లోపల రక్తం చేరుతుండొచ్చు. ఎక్కువగా మొదటి 24 నుంచి 48 గంటల్లో వస్తుంది. చనుమొన నల్లగానో నీలంగానో మారితే రక్తం అందడం లేదని అనుమానించాలి. రెండింటికీ తెల్లారేదాకా ఆగకూడదు. కావలి నుంచి చెన్నై 200 కిలోమీటర్ల పైనే. అందుకే మొదటి డ్రెస్సింగ్ అయ్యేదాకా అక్కడే ఉండండి. అవసరమైతే నెల్లూరులో ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే అడిగి పెట్టుకోండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డ కట్టిందేమో. 108కి ఫోన్ చేయండి.

కుట్లు కలిసే చోట పుండు విచ్చుకుంది

మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. అక్కకు లంగరు ఆకారంలో కోశారు: చనుమొన చుట్టూ ఒకటి, అక్కణ్నించి కిందికి ఒకటి, రొమ్ము మడతలో అడ్డంగా ఒకటి. నిలువు కుట్టు, అడ్డ కుట్టు కలిసే మూల మీద లాగుడు ఎక్కువ, రక్తం అందేది తక్కువ. రెండో వారంలో అక్కడ చింతగింజంత విచ్చుకుంది. అక్క రెండు రోజులు దాచింది. బ్రాకి అంటిన పసుపు మరక చూసి నేను నిలదీస్తే, "మగ డాక్టరుకి మళ్లీ మళ్లీ ఏం చూపించనే" అంది. దయచేసి అలా దాచొద్దు. ఆయన రోజూ చూసే పుండే అది.

ఇంట్లో ఇంకో సంగతి జరుగుతోంది. పప్పు తింటే చీము పడుతుందని అమ్మ పథ్యం పెట్టి చారన్నంతో సరిపెడుతోంది. డాక్టరు తిరగేసి చెప్పాడు: గాయం మానాలంటే మాంసకృత్తులే కావాలి, గుడ్డు, పప్పు, చేప తినమన్నాడు. షుగర్ కూడా చూపించుకోమన్నాడు, అది ఎక్కువుంటే మానదు. పసుపు, కొబ్బరినూనె అద్దొద్దు. ఆయన చెప్పినట్టు డ్రెస్సింగ్ మారిస్తే మూడు వారాల్లో పూడుకుంది. అయితే చుట్టూ ఎర్రగా వేడెక్కినా, చీము కారినా, జ్వరం 100.4 దాటినా ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కోకుండా ఆ రోజే చూపించండి.

మడతలో చెమట, దురద

మన రోహిణి కార్తెలో ఇది తప్పదు. వీలైతే ఆపరేషన్ ఎండలు తగ్గాక పెట్టుకోండి. స్నానానికి డాక్టరు ఒప్పుకున్నాక, మెత్తని నూలు గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. బ్రాలు రెండు మూడు ఉంచుకుని, తడిసిందాన్ని వెంటనే మార్చాలి. కుట్ల మీద పౌడర్ వద్దు.

తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు పోటు

నరాలు కోలుకుంటున్నాయి, నెలలు పడుతుంది. కొందరికి స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు కూడా. తిమ్మిరి ఉన్నచోట వేడినీళ్ల సంచి పెట్టకండి, కాలినా తెలియదు.

నెల దాటాక కుట్టు మీద మొటిమ లాంటిది

లోపలి దారం బయటికొస్తోంది. గిల్లకుండా చూపిస్తే తీసేస్తారు.

మచ్చలు ఎర్రగా, లావుగా

తేలికపడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ షీటు గానీ వాడొచ్చు. చెవులు కుట్టినచోట గడ్డలా లేచే ఒళ్లయితే ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. మచ్చలు సాగకుండా నెలపాటు బిందె ఎత్తడం, చేతులు పైకెత్తి బట్టలు ఆరేయడం మానేయాలి.

డిశ్చార్జ్ కాగితాలు పారేయకండి. తర్వాతెప్పుడు మామోగ్రామ్ తీయించుకున్నా ఈ ఆపరేషన్ సంగతి చెప్పాలి. లోపలి మచ్చలు అందులో తేడాగా కనబడతాయి.