పాత ల్యాప్‌టాప్‌లో కోడింగ్ కోసం తేలికపాటి లినక్స్‌ను వేసి చూడడం ఎలా?

భీమవరం, పాలకొల్లు వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలు నా దగ్గరకు తెచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావరకు 4 జీబీ ర్యామ్‌వే. విండోస్‌లో ఎడిటరు, బ్రౌజరు కలిపి తెరిచేసరికి అవి కదలవు. తేలికపాటి లినక్స్ వేసి చూడాలనుకోవడం మంచి ఆలోచనే గాని, వేసే తొందరలో డిస్కంతా తుడిచిపెట్టుకుని వచ్చినవారిని చూసి చూసి విసిగి ఇది రాస్తున్నాను.

8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి తీసుకుని, డెబియన్ అనే లినక్స్ రకానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో వచ్చే లైవ్ ఐఎస్ఓను, అంటే డిస్కు మీద వేయకుండానే నడిపి చూడగల ఫైలును, రూఫస్ అనే విండోస్ ప్రోగ్రాముతో దానిలోకి ఎక్కించండి. ఎఫ్12 గాని, ఎఫ్9 గాని, ఆ కంపెనీ పెట్టిన మరో మీట గాని నొక్కి పెన్‌డ్రైవు నుంచి బూట్ చేసి, వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫైకి కావలసిన ఫర్మ్‌వేర్ (ఆ పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము) ఐఎస్ఓలోనే ఉంటుంది కనుక ఈ దశలో పెద్దగా ఇబ్బంది రాదు.

ఇంతకంటే తేలికైనవి లేవా అని అడుగుతారు. పప్పీ లినక్స్ మొత్తం ర్యామ్‌లోనే నడిచేంత చిన్నది, ఆల్పైన్ ఇంకా చిన్నది. కానీ ఆల్పైన్‌లో గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీకి బదులు మజిల్ అనే మరో లైబ్రరీ ఉండడం వల్ల, మామూలు లినక్స్ కోసం తయారుచేసి పెట్టిన ప్రోగ్రాములు కొన్ని దానిమీద నడవవు. కోడింగ్ నేర్చుకునేవారికి ఆ తలనొప్పి అనవసరం కనుక డెబియనే వేయాలి.

లైవ్‌లో చేసిన పని షట్‌డౌన్‌తో పోతుంది, పైగా పెన్‌డ్రైవు నెమ్మది. కాబట్టి అసలు పరీక్ష డిస్కు మీద వేశాకే. ఇక్కడినుంచి నిదానించండి.

ముందుగా విండోస్‌లోనే ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసుకుని, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకుని, ఫాస్ట్ స్టార్టప్‌ను (విండోస్‌ను పూర్తిగా ఆరనివ్వని అమరిక) ఆపి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవును ‘ష్రింక్’తో కుదించి 40 జీబీ ఖాళీ చేయండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎలాగూ నిలవదు కనుక, ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గులో పెట్టకుండా ఈ పని మొదలుపెట్టకండి. వేసవి మధ్యాహ్నం మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు?

తరువాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులన్నీ పీకేయండి. ఒకసారి మా బావగారి ల్యాప్‌టాప్‌లో ఎస్‌డీఏ (లినక్స్ ఒక డిస్కుకు పెట్టే పేరు) అంటే లోపలి డిస్కే అనుకుని దానిని ఎంచుకున్నాను. లోపలిది ఎన్‌వీఎంఈ రకం కావడంతో దాని పేరు ఎన్‌వీఎంఈ అని మొదలవుతుంది. నేను తుడిచిన ఎస్‌డీఏ, పక్కన తగిలించి ఉన్న హార్డ్ డిస్కు. అందులో మూడేళ్ళ రొయ్యల చెరువు మేత లెక్కలు ఉన్నాయి. అందుకే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk, డిస్కుల జాబితా చూపే కమాండు) అని కొట్టి, పేరును కాక పరిమాణాన్ని చూడండి. 500 జీబీగా అమ్మిన డిస్కు అక్కడ 465గా కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితోనూ, సిస్టమ్ 1024తోనూ లెక్కించడమే దానికి కారణం.

ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేజ్ డిస్క్’ జోలికి వెళ్ళవద్దు. ‘మాన్యువల్ పార్టిషనింగ్’ ఎంచుకుని, మీరు ఖాళీ చేసిన 40 జీబీలో కొన్ని జీబీలతో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) పార్టిషన్ చేసి, మిగిలినదానిలో ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేసి, దానిని రూట్‌గా (/, సిస్టమ్ అంతా ఉండే చోటు) పెట్టండి. యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) యంత్రంలో చిన్న ఎఫ్‌ఏటీ32 పార్టిషన్ ఒకటి కనిపిస్తుంది. దానికి /boot/efi అనే మౌంట్ పాయింట్ ఇచ్చి, ‘ఫార్మాట్’ కాక ‘కీప్’ మీదే ఉంచండి. దానిని ఫార్మాట్ చేస్తే విండోస్ లేవదు. చివరి తెరలో మార్పుల జాబితా వస్తుంది. దానిని పక్కవారికి వినిపించేలా పైకి చదివిన తరువాతే ‘ఇన్‌స్టాల్’ నొక్కండి.

మిగిలినది సులువు. యాప్ట్ (ప్రోగ్రాములు వేసే డెబియన్ కమాండు)తో గిట్, బిల్డ్ ఎసెన్షియల్, పైథాన్ వెన్వ్ ప్యాకేజీలు వేసుకోండి. పైథాన్ లైబ్రరీలు తెచ్చే పిప్‌తో నేరుగా ఏదైనా వేయబోతే డెబియన్ ఒప్పుకోదు. అది లోపం కాదు, ప్రాజెక్టుకొక వెన్వ్ (లైబ్రరీలకు విడి గది లాంటిది) చేసుకోమని చెప్పడం. ఎడిటర్‌గా జీనీ (Geany) అనే తేలికైన ప్రోగ్రామును వాడండి. మీ సొంత ప్రాజెక్టును వారం రోజులు దీనిమీదే నడుపుతూ, రోజూ సాయంత్రం ‘ఫ్రీ’ కమాండుతో స్వాప్ ఎంత వాడిందో చూడండి. అది ఒక జీబీ దాటుతూ ఉంటే, సిస్టమ్‌ను మార్చే ముందు బ్రౌజర్‌లో తెరిచి వదిలేసిన ట్యాబులను మూసి చూడండి.