సంతకం పెట్టే ముందు: మన ఊరి బడి లెక్కలు మనమే చూసుకునే పద్ధతి

మూడేళ్ల కింద మా చిన్నోడు రెండో తరగతిలో ఉన్నప్పుడు నన్ను బడి కమిటీలో వేశారు. మాది నర్సంపేట వైపు ఒక చిన్న ఊరు. పెద్దసారు పేర్లు చదివారు, మేం చేతులెత్తాం, ఎన్నిక అయిపోయింది. తర్వాత పత్తి ఏరే రోజుల్లో ఒకాయన బండి మీద చేను దగ్గరికే రిజిస్టర్ తెచ్చాడు. పేజీ అప్పటికే నిండా రాసి ఉంది, కింద "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది, నేను చేతికంటిన పత్తి పొట్టు కొంగుకు తుడుచుకుని చూపించిన చోట సంతకం పెట్టాను. ఏం ఆమోదించానో ఎండాకాలం సెలవుల్లో గానీ తెలియలేదు. అది బడి గోడలకు రంగులు వేయించే తీర్మానం. రంగులు నిజంగానే వేశారు, ఎవరూ పైసా తినలేదు. కానీ ఆ ఏడాదంతా బోరు మోటారు కాలిపోయి ఉంది, ఆడపిల్లలు ఇంటి నుంచి బాటిళ్లలో నీళ్లు మోసుకుపోయారు, మేమేమో రంగులకు సంతకాలు పెట్టాం. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. మీరు కమిటీలో ఉన్నా లేకున్నా, మీ పిల్లలు సర్కారు బడిలో ఉంటే ఇది మీ పనే.

మొదట మీకున్న అధికారం ఏమిటో తెలుసుకోండి. 2009 విద్యా హక్కు చట్టం, 21వ సెక్షన్. ప్రతి ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తుందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చయ్యాయో గమనించడం, ఈ మూడూ ఆ కమిటీ పనులని చట్టంలోనే రాసి ఉంది. దీనికి తోడు 2024లో మన తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు, మహిళా సంఘాల వాళ్లతో. మరుగుదొడ్లు, తాగునీళ్లు, కరెంటు లాంటి చిన్న పనులు వాటి ద్వారా చేయించారు. కాబట్టి మీ బడిలో ఏ పైసలు ఏ కమిటీ పేరు మీద వస్తున్నాయి, పెద్దసారుతో పాటు రెండో సంతకం ఎవరిది, ఈ ఒక్క ప్రశ్న ముందు అడగండి. మా ఊళ్లో రెండో సంతకం తనదని ఆ సంతకం పెట్టే ఆమెకే సరిగా తెలియదు.

తర్వాత బడి యూడైస్ కోడ్, అంటే దేశంలో ప్రతి బడికీ విడిగా ఇచ్చే నంబరు, తెలుసుకోండి. 11 అంకెలు ఉంటుంది, తెలంగాణ బడి అయితే 36తో మొదలవుతుంది, ఆఫీసు గదిలో గోడ మీదో బోర్డు మీదో రాసి ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ కోడ్ కొడితే మీ బడి రిపోర్ట్ కార్డు వస్తుంది: ఏ తరగతిలో ఎంతమంది, టీచర్లు ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, గ్రాంటు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది. ఫోన్‌లోనే చూడొచ్చు. పాత సంవత్సరాలు వెతికేటప్పుడు మాత్రం జిల్లా పేరుతో తికమక పడతారు. 2016 అక్టోబర్‌లో ఉమ్మడి వరంగల్‌ను ముక్కలు చేశారు, 2019లో ములుగు విడిగా జిల్లా అయింది, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్‌ను వరంగల్ అన్నారు. మీ బడి కదలకుండా అక్కడే ఉన్నా కాగితాల్లో రెండు మూడు జిల్లాలు మారి ఉండొచ్చు.

ఆ రిపోర్ట్ కార్డును నమ్మి ఊరుకోవద్దు, దాంతో బడికి పోయి సరిచూడండి. మరుగుదొడ్డి "ఉంది, పనిచేస్తుంది" అని ఉంటే తలుపు తీసి చూడండి, గడియ పడుతుందా, నల్లా తిప్పితే నీళ్లొస్తున్నాయా. మా దగ్గర కార్డులో రెండు అని ఉంది, ఒకదాంట్లో విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి.

ఇక పైసల సంగతి. చిన్న బడికి ఏటా వచ్చే ముఖ్యమైన డబ్బు, కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి రోజువారీ ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చే డబ్బు. అది పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది దాకా 10,000, 31 నుంచి 100 దాకా 25,000, 250 దాకా 50,000, 1,000 దాకా 75,000, అది దాటితే లక్ష. ఇందులో కనీసం పది శాతం పరిశుభ్రతకే పెట్టాలి. దీన్ని కొంచెం నిదానంగా చూడండి. 34 మంది ఉన్న బడి నుంచి నలుగురు పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కితే సంఖ్య 30కి పడుతుంది, 25,000 కాస్తా 10,000 అవుతుంది. సుద్దముక్కలు, రిజిస్టర్లు, బల్బులు, చిన్న రిపేర్లు అన్నీ అందులోంచే. పిల్లలు తగ్గితే పైసలు తగ్గుతాయి, పైసలు తగ్గితే బడి కళ తప్పుతుంది, అది చూసి ఇంకో ఇద్దరు పోతారు. ఐదో తరగతికి గురుకులం సీటు వచ్చి పోయే పిల్లలు ఎలాగూ ఉంటారు, అది మంచిదే. కానీ ఒకటో తరగతిలో కొత్తగా ఎంతమంది చేరుతున్నారన్నది ప్రతి జూన్‌లో లెక్కపెట్టాలి. బడి నిలుస్తుందా లేదా చెప్పే అంకె అదే.

దీనికి తోడు గ్రంథాలయానికి, ఆటల సామాన్లకు విడిగా గ్రాంట్లుంటాయి, ప్రాథమిక బడికి 5,000 దాకా. పుస్తకాలు కొన్నారని ఓచర్ ఉంటే ఆ పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయా, పిల్లల చేతుల్లో నలిగాయా చూడండి. కొత్తగా మెరుస్తున్న పుస్తకం మూడేళ్ల పాతదైతే దాన్ని ఎవరూ చదవలేదన్నట్టే.

చూడాల్సిన పుస్తకాలు నాలుగు: క్యాష్ బుక్, ఓచర్ల ఫైలు, స్టాక్ రిజిస్టర్, తీర్మానాల రిజిస్టర్. చూసేటప్పుడు పై నుంచి కిందికి చదువుకుంటూ పోవద్దు. ఒక్క ఖర్చు పట్టుకోండి, దాన్ని నాలుగింట్లోనూ వెతకండి. ఉదాహరణకు క్యాష్ బుక్‌లో రెండు ఫ్యాన్లు అని ఉంది. ఓచర్‌లో షాపు పేరు, తేదీ ఉన్నాయా? స్టాక్ రిజిస్టర్‌లో రెండు ఫ్యాన్లు ఎక్కాయా? కొనాలని కమిటీ తీర్మానం చేసిన తేదీ, కొన్న తేదీ కంటే ముందు ఉందా, తర్వాత ఉందా? చివరగా తలెత్తి చూడండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయా. ఇలా మూడు ఖర్చులు చూస్తే చాలు, బడి లెక్క ఎలా రాస్తున్నారో అర్థమైపోతుంది.

మార్చి నెల ఖర్చులను ప్రత్యేకంగా చూడండి. గ్రాంటు చాలాసార్లు ఆలస్యంగా పడుతుంది, మార్చి 31 దాటితే వాడని డబ్బు వెనక్కి పోతుందన్న భయం ఉంటుంది, దాంతో ఆఖరి వారంలో ఏదో ఒకటి కొనేస్తారు. ఇందులో పెద్దసారును ఒక్కరినే తప్పు పట్టలేం, ఆయన చేతికి పైసలు వచ్చేదే అప్పుడు. అందుకే ఏం కావాలో వరుసగా ముందే రాసిపెట్టాలి, అభివృద్ధి ప్రణాళిక అంటే అదే. డిసెంబర్‌లోనే కూర్చుని "మొదటిది మోటారు, రెండోది ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు, మూడోది రంగులు" అని తీర్మానంలో రాయించి ఉంటే, మార్చిలో ఎంత హడావిడి అయినా మా మోటారు బాగయ్యేది.

మధ్యాహ్న భోజనం లెక్క అందరికీ వస్తుంది. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు. 40 మంది చిన్నపిల్లలు తింటే నాలుగు కిలోలు. నెలకు ఒకసారి చెప్పకుండా పోండి, ప్లేట్లు లెక్కపెట్టండి, ఆ రోజు రిజిస్టర్‌లో అంకెతో సరిచూడండి. వంట చేసే అక్కతో మర్యాదగా మాట్లాడండి, ఆమె బిల్లులు నెలల తరబడి ఆగి ఉండొచ్చు, కిరాణా షాపులో ఆమే అప్పు చేసి వండుతుండొచ్చు. కూర పల్చగా ఉందని ఆమె మీద అరిచే ముందు ఆమె బిల్లు ఎప్పటిది రావాలో అడగండి.

టీచర్ల సంగతిలో మూడు అంకెలు వేరువేరుగా అడగాలి: మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది, డిప్యుటేషన్ మీద వేరే బడికి పోయినవాళ్లు ఎంతమంది. జీతం మన బడి పేరు మీద, పాఠం వేరే ఊళ్లో, ఇది కాగితం మీద కనబడదు. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. ఇద్దరితో ఐదు తరగతులు నడవడమే కష్టం, అందులో ఒకరిని పని సర్దుబాటు కింద పంపితే మిగిలేది ఒక్కరు. ఇలాంటిది ఉంటే పెద్దసారుతో గొడవపడి లాభం లేదు, మండల విద్యాధికారికి కమిటీ తీర్మానం కాపీ ఇచ్చి, ఇంకో కాపీ మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, పిల్లలకు చదువు వస్తుందా. మార్కుల జాబితా చూసి తృప్తి పడవద్దు. బడిలో పెట్టే ఎఫ్ఏ (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఎస్ఏ (పెద్ద పరీక్షలు) రెండింట్లో ఏ గ్రేడు వచ్చినా సరే, ఇంట్లో ఒక చిన్న పని చేయండి. రెండో తరగతి తెలుగు వాచకం నుంచి ఒక పేరా మూడో తరగతి పిల్లతో చదివించండి. మా పక్కింటి పిల్ల ఐదో తరగతి, రాత చాలా అందంగా ఉంటుంది, నోట్సు నిండా టిక్కులే. "పుస్తకం" అన్న మాట దగ్గర ఆగింది, "పు... స..." అని కింది ఒత్తు మీద వేలు పెట్టి నా మొహం చూసింది. తర్వాత 41లోంచి 13 తీయమన్నాను, 32 అని రాసింది. ఒకట్లోంచి మూడు పోదు కాబట్టి మూడులోంచి ఒకటి తీసేసింది. ఆ పిల్లది తెలివితక్కువతనం కాదు, అప్పు తెచ్చుకునే పద్ధతి ఎవరూ పక్కన కూర్చుని నేర్పలేదు, అంతే. ఈ పరీక్ష పదిమంది ముందు పెట్టవద్దు, పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. టీచర్‌కు చెప్పేటప్పుడు కూడా "మా పిల్లకు ఒత్తులు, అప్పు తీసివేతలు రావట్లేదు మేడం" అని చెప్పండి, "మీ బడిలో చదువే లేదు" అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం సరిగ్గా దీనికోసమే పెట్టారు, మీ పిల్ల అందులో ఏ స్థాయిలో ఉందని అడగండి.

హైస్కూల్ అయితే పదో తరగతి శాతం ఒక్కటే చూడవద్దు. 12 మంది రాసిన బడిలో ఒక్కరు తప్పితే ఎనిమిది శాతం పడిపోతుంది. ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, అందులో ఎంతమంది పది దాకా వచ్చారు, మధ్యలో మానేసినవాళ్లు ఏమయ్యారు, ఇది అడగండి. హాజరు చూసేటప్పుడు పత్తి ఏరే నెలలు, మేడారం జాతర వచ్చిన ఏడాది ఆ వారం పక్కన పెట్టి చూడండి, అప్పుడు అసలు ఎవరు బడికి దూరమవుతున్నారో తెలుస్తుంది.

అడిగినా పుస్తకాలు చూపించకపోతే అప్పుడు సమాచార హక్కు. దరఖాస్తులో "ఎందుకు చేశారు" అని రాయవద్దు, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు క్యాష్ బుక్, ఓచర్లు, తీర్మానాల నకళ్లు ఇవ్వగలరు" అని మాత్రమే రాయండి. మండల స్థాయి ఆఫీసుకు ఐదు రూపాయలు, ఆ పైన పది, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు. మాకు అక్కడిదాకా అవసరం పడలేదు. నలుగురు తల్లులం కలిసిపోయి "సార్, సంతకం పెట్టేవాళ్లం కదా, ఒకసారి చదివి పెడతాం" అన్నాం, కొంచెం ఇబ్బంది పడ్డా రిజిస్టర్ ఇచ్చారు. ఒక్కరే పోతే తగువులా ఉంటుంది, నలుగురు పోతే మీటింగ్ అవుతుంది.

ఇప్పుడు మేం చేసేది ఇది: రిజిస్టర్ ఇంటికో చేనుకో వస్తే సంతకం పెట్టం, బడికే వస్తామని చెప్తాం. చదువు రాని సభ్యురాలు ఉంటే ఒకరు గట్టిగా చదివి వినిపిస్తాం. రాసిన ఆఖరి లైను కింద ఖాళీ లేకుండా అడ్డగీత కొట్టించి, పక్కనే తేదీ వేసి, సంతకాలయ్యాక ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుని తల్లుల గ్రూపులో పెడతాం.