కయాక్ వేటలో ఆటుపోట్లు: లెక్క ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న, సన్నటి పడవ) మీద చేపల వేటకు వెళ్లి ఇబ్బంది పడినవాళ్లలో చాలామంది టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల వేళలూ ఎత్తులూ ఇచ్చే పట్టిక, చూసుకునే బయల్దేరి ఉంటారు. టేబుల్ చెప్పేది నీటి ఎత్తు మాత్రమే. కయాక్‌ని లాక్కుపోయేది నీటి వడి. ఎత్తు చూసి వడిని ఊహించుకోవడంలోనే తప్పు జరుగుతుంది.

కింది లెక్కలన్నీ రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు ఆట్లు (నీరు దిగడం) వచ్చే తీరాలకే. అలాంటి చోట ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కాబట్టి, ఈరోజు పొద్దుటి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రోజుకు ఒకే పోటు వచ్చే తీరాలూ ఉన్నాయి. అక్కడ ఈ గంటల లెక్క పనిచేయదు, ఆ చోటి నీటి ఎత్తు గ్రాఫే దిక్కు. తెడ్డు వేగాన్ని గంటకు 5 కిలోమీటర్లుగా తీసుకున్నాం. సామాను నింపిన వెడల్పాటి ఫిషింగ్ కయాక్‌ని గంటల తరబడి అంతకన్నా వేగంగా నడపడం కష్టం.

వెళ్లేటప్పుడు తేలిక, తిరిగొచ్చేటప్పుడు ఎంత తెడ్డేసినా ఒడ్డు దగ్గర పడదు

ఆటు మిమ్మల్ని బయటికి తోసింది, ఆ ఆటు ఇంకా అయిపోలేదు. దూరం 4 కిలోమీటర్లు, ఆటు వడి గంటకు 3 కిలోమీటర్లు అనుకోండి. వెళ్లేటప్పుడు రెండు వేగాలూ కలిసి 8 అవుతుంది, అరగంటలో చేరిపోతారు. వచ్చేటప్పుడు 5లోంచి 3 పోతే మిగిలేది 2. అదే దూరానికి రెండు గంటలు పడుతుంది. దానికి తోడు ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీస్తే ఆ 2 కూడా మిగలదు.

ఇప్పటికే ఇరుక్కుని ఉంటే నడి పాయలో పోరాడకండి. అంచుల్లో, లోతు తక్కువున్న చోట వడి తగ్గుతుంది. ఒడ్డు ముందుకు పొడుచుకొచ్చిన ప్రతి చోటా దాని వెనక నీరు ఆగి ఉంటుంది, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. అలాంటి చోటు నుంచి మరో చోటికి దూకుతున్నట్టు రండి. మధ్యలో ఎక్కడైనా దిగి కూర్చునే వీలుంటే కూర్చోవడమే మేలు. ఆటు ఎలాగూ తగ్గుతుంది, మీ ఓపిక తిరిగి రాదు.

అసలు పరిష్కారం ప్లాన్‌లో ఉంది. బయల్దేరే టైమ్ ముందు పెట్టుకుని మిగతాది దానికి సర్దడం కాదు, తిరిగొచ్చే టైమ్ ముందు తేల్చుకుని వెనక్కి లెక్కేసుకోవాలి. ఉదాహరణకు మీరు పాయ లోపల కయాక్ దించి, 4 కిలోమీటర్ల దిగువన మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గరున్న గుంటలో వేటాడాలి. టేబుల్ ప్రకారం ఆటు పూర్తయ్యేది 9:10కి, అక్కడ నీరు నిజంగా ఆగేది 9:40కి (ఈ తేడా ఎందుకో తర్వాతి భాగంలో ఉంది). అప్పుడు:

1. 8:10కి దించండి. మందగిస్తున్న ఆటు మీద 8:50 లోపు చేరతారు.
2. నీరు ఆగే ముందు, ఆగాక తిరిగే వేళ, మొత్తం 11 దాకా వేట.
3. 11కి వెనుదిరిగితే పోటు మిమ్మల్ని ఇంటివైపే తోస్తుంది. ఆలస్యమైనా మధ్యాహ్నం 3 దాకా అది మీ వైపే ఉంటుంది.

నీరు ఆగిన క్షణం నుంచి వడి ఎలా పెరుగుతుందో చెప్పే మోటు లెక్క ఒకటుంది. మొదటి గంట చివరికి గరిష్ఠ వడిలో సగం, రెండో గంట చివరికి 90 శాతం, మూడో గంటకు పూర్తి వడి, ఆ తర్వాత అదే వరసలో దిగుతుంది. ఎత్తు లెక్క వేరు. పోటుకూ ఆటుకూ మధ్య మొత్తం ఎత్తు తేడాని 12 భాగాలు చేస్తే ఆరు గంటల్లో వరసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు మారుతుంది. తేడా 3.6 మీటర్లయితే మొదటి గంటలో పెరిగేది 30 సెంటీమీటర్లే, మూడో గంటలో 90. నడిమి రెండు గంటల్లో ఎదురు ప్రయాణం పెట్టుకోకూడదనేది ఈ రెండు లెక్కల సారం.

టేబుల్ ప్రకారం నిండు పోటు అయిపోయింది, నీరు మాత్రం ఇంకా లోపలికే పారుతోంది

టేబుల్ తప్పేం కాదు. లోపల పెద్ద కయ్య (నీరు నిలిచే విశాలమైన చోటు) ఉండి, దాని మొగ ఇరుకుగా ఉంటే, బయట సముద్రం దిగడం మొదలెట్టాక కూడా బయటి మట్టం లోపలి మట్టం కన్నా ఎక్కువగానే ఉంటుంది. రెండూ సమానమయ్యేదాకా నీరు లోపలికే వెళ్తుంది. ఈ ఆలస్యం కొన్ని చోట్ల అరగంట, కొన్ని చోట్ల రెండు మూడు గంటలు. కొన్ని బహిరంగ తీరాల్లోనైతే నిండు పోటు వేళే వడి గరిష్ఠంగా ఉంటుంది. "పోటు నిండింది కాబట్టి నీరు ఆగింది" అనే మాట అన్ని చోట్లా చెల్లదు.

ఆ ప్రాంతానికి ప్రవాహాల పట్టిక విడిగా దొరికితే అదే వాడండి. లేకపోతే ఒక రోజు గాలం లేకుండా వెళ్లి కొలుచుకోవడం తప్పదు. పని చిన్నదే. నీటిలో పాతిన గుంజకు కయాక్‌ని ముక్కు దగ్గర కట్టి, పారే నీటిలో ఒక నురగ తునకనో ఆకునో ఎంచుకుని గమనించండి. ముక్కు నుంచి తోక దాకా, అంటే 4 మీటర్లు, అది ఎన్ని సెకన్లలో దాటిందో లెక్కపెట్టండి. 8 సెకన్లయితే వడి గంటకు 1.8 కిలోమీటర్లు. 4 సెకన్లయితే 3.6. 3 సెకన్లకే దాటేస్తే 4.8, అంటే మీ తెడ్డు బలమంతా దానికే సరి. నురగ కదలకుండా నిలబడ్డ టైమ్‌ని టేబుల్‌లోని టైమ్ పక్కన రాసుకోండి. ఆ తేడాయే మీ మొగ ఆలస్యం. పెద్ద పోట్లకు ఒకసారి, చిన్న పోట్లకు ఒకసారి కొలిస్తే చాలాకాలం పనికొస్తుంది. భారీ వర్షాలతో పైనుంచి వరద నీరు దిగుతున్న రోజుల్లో మాత్రం దాన్ని నమ్మొద్దు.

గుంజ లేని చోట, గాలి లేనప్పుడు తెడ్డు ఆపేసి ఫోన్‌లో జీపీఎస్ వేగం రెండు నిమిషాలు చూడండి. చార్ట్‌లలో, అంటే సముద్రపు లోతులు చూపే పటాల్లో, వడిని నాట్‌లలో ఇస్తారు, ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు.

నీళ్లుండాల్సిన చోట కయాక్ అడుగు నేలకు రాసుకుంటోంది

కారణాలు చాలా ఉన్నాయి. తేలికైనవి ముందు చూడండి. చూసిన టేబుల్ వేరే రేవుదా? పెద్ద రేవుకు లెక్క కట్టి, పక్కనున్న చిన్న రేవులకు ఇన్ని నిమిషాలు, ఇంత ఎత్తు కలపండి లేదా తీసేయండి అని ఇస్తారు. ఆ సవరణ చేయకపోతే గంట తేడా కూడా రావచ్చు. వేసవిలో గడియారం ముందుకు జరిపే దేశాల్లో కొన్ని ముద్రిత టేబుళ్లు ఆ గంట కలపవు.

తర్వాతిది సున్నా ఎక్కడన్నది. టేబుల్‌లో 0.8 అని ఉంటే లోతు 0.8 మీటర్లని కాదు. చార్ట్ సున్నా మట్టం (లోతులన్నీ కొలవడానికి ఆధారంగా తీసుకున్న మట్టం) మీద అంత నీరు అని. చార్ట్‌లో ఆ చోట లోతు 0.5 ఉంటే మొత్తం 1.3 మీటర్లు. అంకె కింద గీత ఉంటే ఆ నేల సున్నా మట్టం కన్నా పైన ఉందని అర్థం, అప్పుడు తీసేయాలి. గీత గీసిన 0.6 మీద మిగిలేది 20 సెంటీమీటర్లే. కయాక్ అడుగుకు 10 నుంచి 15 సెంటీమీటర్లు చాలు గానీ, పెడల్ కయాక్ (కాళ్లతో తొక్కి నడిపేది) రెక్కలు కిందికి దింపితే 40 దాకా కావాలి. దీనిపైన ఇంకో 30 సెంటీమీటర్లు వదులు ఉంచుకోండి, ఎందుకంటే వాతావరణం కూడా మట్టాన్ని మారుస్తుంది. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ పెరిగితే నీరు దాదాపు ఒక సెంటీమీటరు దిగుతుంది, ఒడ్డు నుంచి వీచే గట్టి గాలి ఇంకాస్త దించుతుంది. తుఫానో వరదో వచ్చి వెళ్లాక ఇసుక దిబ్బల చోట్లు మారతాయి, పాత చార్ట్ అప్పుడు కాగితమే.

నిజంగానే బురదలో కూర్చుండిపోతే దిగి తోయకండి. మోకాలి దాకా దిగిన కాలు మళ్లీ రాకపోవడమే ఇందులో అసలు ప్రమాదం. కయాక్‌లోనే ఉండి లెక్క వేసుకోండి. ఆటు పూర్తవడానికి 2 గంటల ముందు ఇరుక్కుంటే, పూర్తయిన 2 గంటలకు తేలతారు, మొత్తం 4 గంటలు. తాగే నీళ్లు, ఎండకు టోపీ, ఫోన్‌కు చార్జింగ్ ఉంటే అది విసుగే తప్ప ఆపద కాదు. కానీ పెద్ద పోటు నిండిన వేళ గట్టు అంచున కూరుకుపోతే సంగతి వేరు. తర్వాతి పోటు అంత ఎత్తు రాకపోతే రోజుల తరబడి అక్కడే ఉండిపోవచ్చు.

పోయిన వారం నిదానంగా ఉన్న చోటే ఈ వారం నీరు ఉరుకుతోంది

తిథి చూడండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటుకూ ఆటుకూ మధ్య తేడా అన్నిటికన్నా ఎక్కువ. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు తక్కువ. ఒకదానికీ మరోదానికీ మధ్య వారం, అందుకే ఈ అయోమయం. వడి దాదాపు ఎత్తు తేడా మేరకే పెరుగుతుంది. 4 మీటర్ల తేడా ఉన్న రోజు గంటకు 5 కిలోమీటర్ల వడి ఉంటే, 2 మీటర్ల రోజు 2.5 ఉంటుంది. కొత్త చోటుకి మొదటిసారి వెళ్తుంటే అష్టమి తర్వాతి రోజులే ఎంచుకోండి.

గాలి పెరగలేదు, అయినా అలలు ఒక్కసారిగా నిటారుగా లేచాయి

నీరు తిరిగింది. గాలీ నీరూ ఒకే దిక్కుకు పోతున్నంతసేపు అలలు పొడుగ్గా, మెత్తగా ఉంటాయి. నీరు తిరిగి గాలికి ఎదురైతే అవే అలలు దగ్గర దగ్గరగా, గోడల్లా లేస్తాయి. గంటల వారీ గాలి సూచన తీసుకుని, దాని పక్కన నీరు తిరిగే టైమ్ రాసుకుంటే ఇది ముందే తెలిసిపోతుంది. రెండూ ఎదురయ్యే గంటలో మీరు నడి పాయలో ఉండకూడదు.

దీని ఘోరమైన రూపం మొగ బయటి ఇసుక దిబ్బ మీద కనిపిస్తుంది. సముద్రపు అల లోపలికి వస్తుంటే, ఆటు బయటికి ఉరుకుతుంటే, దిబ్బ మీద లోతు తగ్గుతుంటే, అల అక్కడే విరిగి పడుతుంది. ఆటు చివరి సగంలో ఇది మరీ చెడ్డగా ఉంటుంది. లోపలి నుంచి చూస్తే అలల వీపులే కనిపించి తక్కువ అనిపిస్తుంది, మోసపోవద్దు. దిబ్బ దాటాలంటే పోటు ఉండగానో నిండు నీరు ఆగినప్పుడో దాటాలి, తిరిగి రావడానికీ అదే షరతు. పైన చెప్పిన 8:10 ప్లాన్ దిబ్బకు లోపలి వేటకే తప్ప దాటడానికి కాదు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాల్సింది, వెనక కట్టి ఉంచాల్సింది కాదు.

లంగరు వేస్తే కయాక్ ఒరిగిపోతోంది, లేదా లంగరు నిలవడం లేదు

ఒరగడానికి కారణం తాడు పక్కన కట్టడం. వడి పక్క నుంచి తోస్తుంటే తాడు ఆ అంచుని కిందికి లాగుతుంది, క్షణాల్లో బోల్తా. తాడు ముక్కుకో తోకకో చేరేలా యాంకర్ ట్రాలీ (లంగరు తాడుని కయాక్ పొడవునా జరిపే కప్పీ తాడు) బిగించుకోండి. నిలవకపోవడానికి కారణం సాధారణంగా తాడు చాలకపోవడం. 6 మీటర్ల లోతుకు 18 మీటర్లు వదిలారు, అంటే మూడింతలు. రెండు గంటల్లో పోటు 2 మీటర్లు పెరిగింది, ఇప్పుడది రెండింతల చిల్లరే. తాడు పైకి లాగుతుంది, కొక్కెం ఊడుతుంది. పెరగబోయే నీటిని కలిపి 8 మీటర్లకు ఐదింతలు, 40 మీటర్లు పెట్టుకోండి. 1.5 కిలోల మడత లంగరుకు ఒక మీటరు గొలుసు జోడిస్తే కొక్కెం అడుగున పడుకుని పట్టుకుంటుంది. తాడు చివర తేలే బోయా, లాగితే విడిపోయే ముడి, చేతికందేలా కత్తి, ఈ మూడూ లేకుండా పారే నీటిలో లంగరు వేయొద్దు. వడి గంటకు 3 కిలోమీటర్లు దాటితే ఇవన్నీ ఉన్నా వేయకపోవడమే మంచిది.

ఎర అడుగుకు చేరడం లేదు, చేపలూ తగలడం లేదు

లంగరు మీద ఉంటే దారాన్ని నీరు విల్లులా వంచుతుంది. ముందు దారం సన్నం చేయండి, ఆ తర్వాతే సీసం పెంచండి. 60 గ్రాములు నిలవకపోతే 90, 120. అంతకు మించాల్సి వస్తే ఆ గంట ఆ చోటు అడుగు వేటకు కాదు. నీటితో పాటు కొట్టుకుపోతూ వేటాడుతుంటే దారం నిలువుగానే ఉండాలి. వాలుతోందంటే గాలి కయాక్‌ని నీటికన్నా వేగంగా తోస్తోంది, నీటి గొడుగు (నీటిలో విచ్చుకుని కయాక్‌ని నిదానింపజేసే గుడ్డ గొడుగు) వేస్తే సర్దుకుంటుంది.

చేపలు అసలే ముట్టకపోతే టైమ్ చూడండి. నీరు పూర్తిగా ఆగినప్పుడు చాలా జాతులు మేత ఆపేస్తాయి. నీరు ఆగే ముందు గంట, తిరిగాక మొదటి గంట కయాక్‌కి అన్ని విధాలా అనుకూలం. మేతను మోసుకొచ్చేంత కదలిక ఉంటుంది, మిమ్మల్ని లాక్కుపోయేంత ఉండదు. ఆటులో చిన్న పాయలు పెద్ద పాయలో కలిసే చోట, పోటులో రాళ్ల వెనక ఆగిన నీటికీ పారే నీటికీ మధ్య కనిపించే గీత వెంబడి ఎర వదలండి.

ఎదుటి ఒడ్డుకు గురిపెడితే ఎక్కడో దిగువన తేలుతున్నారు

500 మీటర్ల పాయ, వడి గంటకు 2.5 కిలోమీటర్లు. నేరుగా తెడ్డేస్తే 6 నిమిషాల్లో దాటతారు, కానీ ఈలోపు 250 మీటర్లు దిగువకు పోతారు. ముక్కుని వడికి ఎదురుగా 30 డిగ్రీలు తిప్పి పెడితే 7 నిమిషాల్లో సరిగ్గా ఎదుటే దిగుతారు. డిగ్రీలు కొలవనక్కర్లేదు. ఎదుటి ఒడ్డున ఒకదాని వెనక ఒకటిగా రెండు గుర్తులు, ఒక చెట్టు, దాని వెనక ఒక స్తంభం, పట్టుకోండి. రెండూ ఒకే వరసలో ఉన్నంతసేపు కోణం సరైనదే. స్తంభం చెట్టుకన్నా ఎగువ వైపుకి జరిగితే మీరూ ఎగువకు పోతున్నట్టు, దిగువ వైపుకి జరిగితే దిగువకు కొట్టుకుపోతున్నట్టు. దానికి తగ్గట్టు ముక్కు తిప్పాలి. వడి మీ తెడ్డు వేగంతో సమానమైతే ఏ కోణమూ పనిచేయదు. నీరు ఆగేదాకా ఇటే ఉండండి, లేదా దిగువన దిగే చోటు ముందే చూసుకుని దాటండి.